హ్యాండ్‌బ్రేకు పట్టకపోతే కేబుల్ జోలికి వెళ్ళకండి: స్టాండర్డ్ హెరాల్డ్ వెనక బ్రేకుల కథ

చెన్నైలో పాత కారు ఉన్నవాళ్ళకి హ్యాండ్‌బ్రేకు గుర్తొచ్చేది ఎప్పుడో ఒకసారి. ఊరంతా బల్లపరుపు. పెరంబూరు నుంచి అడయారు దాకా వెళ్ళొచ్చినా, బండి నిలబెట్టడానికి లివర్ లాగాల్సిన ఎత్తు ఎక్కడా తగలదు. తగిలితే ఫ్లైఓవర్ మీదే తగలాలి. హెరాల్డ్ బళ్ళు తయారైన రోజుల్లో మద్రాసులో అదీ లేదు. మొదటి ఫ్లైఓవర్, జెమిని దగ్గరిది, 1973లో వచ్చింది. అందుకే వెనక బ్రేకులు చచ్చుబడుతున్న సంగతి ఏళ్ళ తరబడి బయటపడదు. ఒకనాడు కత్తిపారా ఫ్లైఓవర్ మధ్యలో ట్రాఫిక్ ఆగిపోతుంది. లివర్ చంకదాకా వచ్చినా బండి వెనక్కి జారుతూనే ఉంటుంది, వెనకాల ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బండి కింద దూరి, కేబుల్ నట్టు నాలుగు చుట్లు బిగించి, 'అయిపోయింది సార్' అంటాడు. నిజంగానే లివర్ కిందే ఆగుతుంది, బండీ నిలబడుతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే. మళ్ళీ నట్టు. ఇంక బిగించడానికి మరలు మిగలకపోతే 'కేబుల్ సాగిపోయింది, కొత్తది వెయ్యాలి' అనే తీర్పు వస్తుంది. నూటికి తొంభై పాళ్ళు ఆ కేబుల్‌కి ఏ పాపమూ తెలియదు. తప్పంతా డ్రమ్ము లోపల ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు లివర్ పైకి రావడమంటే వెనక చక్రాల దగ్గర ఏదో కదలడం లేదని అర్థం. కేబుల్ బిగించడమంటే ఆ కబురు రాకుండా చేసుకోవడం. ఏది కదలడం లేదో, ఎందుకు కదలడం లేదో తెలిస్తే మిగతా పని ఇంటి వాకిట్లోనే చేసుకోవచ్చు.

ఉదాహరణకి హెరాల్డ్‌నే తీసుకోవడానికి కారణముంది. అంబాసిడర్ కలకత్తా పక్కన ఉత్తరపారాలో పుట్టింది, పద్మిని బొంబాయి కుర్లాలో. హెరాల్డ్ మాత్రం అచ్చంగా మద్రాసు బండి. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి గీసిన ఆకారంతో 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా విడుదలై, 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వారి వండలూరు ఫ్యాక్టరీ నుంచి స్టాండర్డ్ హెరాల్డ్‌గా వచ్చింది. ఇంజను 948 సీసీ. ముందు భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ఒకే మూతలా ఎత్తుకునే బానెట్టు. బ్రేకులు గిర్లింగ్ అనే ఇంగ్లండు కంపెనీ రకం. లూకాస్, టీవీఎస్ వాళ్ళు కలిసి బ్రేక్స్ ఇండియా కంపెనీ పెట్టింది కూడా ఇక్కడే, 1962లో. దాన్ని ఈ ఊరు పాడి ఫ్యాక్టరీతోనే గుర్తు పెట్టుకుంటుంది. ఆ పుణ్యమా అని ఈ బ్రేకుల ఒడుపు తెలిసిన చేతులు పాత కారు భాగాల బజారైన పుదుపేట సందుల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

డ్రమ్ము లోపల జరిగేది

వెనక డ్రమ్ము చిన్నది. ఏడు అంగుళాల వ్యాసం, లైనరు, అంటే డ్రమ్ముకి ఒరుసుకునే పట్టీ, వెడల్పు అంగుళంపావు. లోపల అర్ధచంద్రాకారంలో, ఆ లైనర్లు తొడిగిన రెండు షూలు. ఒక కొసన వీల్ సిలిండరు, ఎదురు కొసన షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే అడ్జస్టరు. పెడల్ తొక్కితే సిలిండరు షూలని విడదీస్తుంది, అవి తిరిగే డ్రమ్ముకి లోపలినుంచి ఒరుసుకుంటాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటి చిక్కు, ఆ రెండు షూలు ఒకే పని చెయ్యవు. డ్రమ్ము తిరిగే దిశలో ముందుండే షూని డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది. ఒత్తిన దానికన్నా ఎక్కువగా అది బిగుసుకుంటుంది. రెండో షూని డ్రమ్ము వెనక్కి నెడుతుంది, దాని పట్టు తక్కువ. తలుపు కింద చాప అంచు ఇరుక్కున్నప్పుడు ఒకవైపు తోస్తే ఇంకా బిగుసుకుని, మరోవైపు లాగితే సులువుగా జారుతుంది చూడండి, అదే తంతు. బండి వెనక్కి జారేటప్పుడు ఈ పాత్రలు తారుమారవుతాయి. అప్పటిదాకా అంతంతమాత్రంగా పని చేసిన షూ ఇప్పుడు ప్రధానం అవుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బండిని పట్టి ఉంచాల్సింది ఈ రెండో షూయే. రోజూ ముందుకు పోయేటప్పుడు మొదటి షూ ఒక్కటే పని చేసినా తేడా తెలియదు. ఎత్తులో ఆగినప్పుడు గుట్టు రట్టవుతుంది.

రెండో షూ ఎందుకు పని మానేస్తుంది? దానికి సిలిండరు తీరు చూడాలి. చాలా బళ్ళలో వీల్ సిలిండరుకి రెండువైపులా రెండు పిస్టన్లు ఉండి, సిలిండరు మాత్రం బ్యాక్‌ప్లేటుకి (డ్రమ్ము వెనక ఉండే తిరగని పళ్ళెం) బోల్టులతో బిగించి ఉంటుంది. హెరాల్డ్ వెనక సిలిండరులో ఒకటే పిస్టను. సిలిండరుని ఎక్కడా బిగించరు. బ్యాక్‌ప్లేటులో కోసిన గాడిలో అది అటూ ఇటూ జారాలి. పిస్టను ఒక షూని నెడుతుంది, ఆ నెట్టుడుకి సిలిండరు తనే వెనక్కి జరిగి రెండో షూని నెడుతుంది. హ్యాండ్‌బ్రేకు కూడా ఇదే కిటుకు మీద ఆధారపడింది. బ్యాక్‌ప్లేటు వెనకనుంచి ఒక చిన్న లివర్ సిలిండరులోకి దూరి ఉంటుంది. కేబుల్ లాగితే ఆ లివర్ ఒక షూని తోస్తుంది, ఎదురు ఒత్తిడికి సిలిండరు జరిగి రెండోదాన్ని తోస్తుంది.

గాడిలో తుప్పు పట్టి సిలిండరు అతుక్కుపోయిందనుకోండి. ఒక షూయే పని చేస్తుంది, అదే త్వరగా అరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు లాగితే సగం బలం కదలని ఇనుము మీద వృథా అవుతుంది. లివర్ పైకి వస్తుంది. మీరు కేబుల్ బిగిస్తారు. ఆ బిగింపుతో లోపలి చిన్న లివర్ ఎప్పుడూ కొంచెం లాగి పెట్టినట్టే ఉండిపోయి, షూ తన చోటికి పూర్తిగా వెనక్కి రాదు. అడ్జస్టరు తిప్పినా సరైన సందు కుదరదు. ఒక రోగానికి వాడిన మందు రెండో రోగం తెచ్చిపెట్టింది. డ్రమ్ము విప్పి చూస్తే ఇది కళ్ళకి కనిపిస్తుంది. ఒక లైనరు రివిట్ల దాకా అరిగి ఉంటుంది, రెండోది దాదాపు కొత్తదిలా ఉంటుంది.

మన ఊరి గాలి దీనికి తోడు. సముద్రపు తేమ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. గాడికి వెనకవైపు రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. పాత బళ్ళలో సాధారణంగా అది చిరిగి ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఆ రబ్బరు లేని హెరాల్డ్ ఒక్క వానాకాలం నీళ్ళలో తిరిగితే చాలు.

విప్పే ముందు

ఇంట్లో చేసే పనిలో ప్రాణం మీదికి తెచ్చేది బ్రేకు కాదు, జాకీ. వెనక చక్రాలు ఎత్తి హ్యాండ్‌బ్రేకు వదిలేశాక బండిని ఆపేది ముందు చక్రాల కింద పెట్టిన అడ్డుచెక్కలు మాత్రమే. గేరులో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, గేరు పట్టుకునేది గాల్లో ఉన్న వెనక చక్రాలనే. కాబట్టి చదునైన సిమెంటు నేల, ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు, ఛాసిస్ కింద స్టాండ్లు. జాకీ మీదే నిలబెట్టి కింద చెయ్యి పెట్టకూడదు. ఇటుకల దొంతర మీద అసలే వద్దు, ఇటుక హెచ్చరిక లేకుండా పగులుతుంది.

హెరాల్డ్‌కి వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉండదు. రెండు చక్రాలకీ అడ్డంగా ఒక పెద్ద పట్టా స్ప్రింగు, చెరొక ఊగే ఇరుసు ఉంటాయి. జాకీతో ఎత్తగానే చక్రాలు కిందికి వేలాడి లోపలికి ముడుచుకుంటాయి, చూసేవాళ్ళకి ఏదో విరిగిపోయినట్టే ఉంటుంది. ఏమీ కాలేదు. 1972 నుంచి అదే కంపెనీ తెచ్చిన గజెల్‌లో మామూలు ఇరుసే ఉంది కాబట్టి ఈ విచిత్రం కనపడదు.

డ్రమ్ముని పట్టుకుని ఉండేవి రెండు చిన్న స్క్రూలు. వాటి తలలు అరగదీసుకోవద్దు. సరిగ్గా కుదిరే స్క్రూడ్రైవరు పెట్టి, సుత్తితో వెనక ఒక దెబ్బ కొట్టి, తర్వాత తిప్పాలి. అడ్జస్టరుని పూర్తిగా వదులు చెయ్యకుండా డ్రమ్ము లాగితే రాదు, ఎందుకంటే డ్రమ్ము లోపల అరిగిన గాడి అంచులో షూలు ఇరుక్కుని ఉంటాయి. అప్పుడే చాలామంది బ్యాక్‌ప్లేటుకీ డ్రమ్ముకీ మధ్య రాడ్డు దూర్చి పెకిలిస్తారు. బ్యాక్‌ప్లేటు వంగిపోతుంది, ఆపైన షూలు ఎప్పటికీ సమంగా కూర్చోవు. తుప్పుకి కొట్టే నూనె వేసి, ఒక రాత్రి వదిలేసి, చెక్క అడ్డం పెట్టి చుట్టూ తట్టండి.

అడ్జస్టరు తల పావు అంగుళం చతురస్రం. దానికి ప్రత్యేకమైన స్పానరు దొరుకుతుంది, కొనుక్కోవాలి. మామూలు సర్దుబాటు స్పానరుతో తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. అలా గుండ్రమైన అడ్జస్టరు ఉన్న బండి వెనక బ్రేకుల్ని ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని తేల్చి చెప్పొచ్చు.

లోపలి నల్లటి పొడిని నోటితో ఊదకండి, కంప్రెసరు గాలి పెట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. మన దేశంలో తెల్ల ఆస్‌బెస్టాస్ వాడకం మీద ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు కాబట్టి 'కొత్త లైనరే కదా' అన్న ధీమా కూడా పనికిరాదు. సబ్బు నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచీలో కట్టి పారెయ్యండి. లైనరు కొట్టించేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనిదే కావాలని గట్టిగా అడగండి.

తడి ఎక్కడిది?

డ్రమ్ము తీశాక లోపల తడిగా ఉంటే అది ఏమిటో ముందు తేల్చుకోవాలి. అంబాసిడర్‌లోనో పద్మినిలోనో అయితే ఇరుసు గొట్టం వెంట గేరు ఆయిల్ నడుచుకుంటూ వచ్చి డ్రమ్ములో చేరవచ్చు. హెరాల్డ్‌లో అది సాధ్యపడదు. మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ తిప్పుడు పంచే గేరు పెట్టె) వేరు, చక్రం దాకా బయట కనిపించే షాఫ్టు వేరు. ఇక్కడ అనుమానితులు రెండే. సిలిండరు నుంచి కారిన బ్రేక్ ఆయిల్, లేదా హబ్బు బేరింగు గ్రీజు. గ్రీజు వస్తే చాలాసార్లు నేరం సర్వీసు చేసినవాళ్ళది. హబ్బుకి గ్రీజు గన్ను పెట్టి 'బాగా పట్టనీ' అని కొడుతూ పోతే, సీలుని తోసుకుని గ్రీజు బ్రేకులోకి వస్తుంది.

ఏదో తేల్చుకోలేకపోతే గ్లాసులో నీళ్ళు తీసుకుని ఆ తడిని ఒక చుక్క వేసి కలపండి. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. గ్రీజు, ఇంజను ఆయిల్ పైన తేలుతాయి. మెకానిక్కులు ఆయిల్ అంటారు గానీ అది నూనె జాతి కాదని ఈ గ్లాసే చెబుతుంది. కింద రాయబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా నుంచే వస్తాయి.

తడిసిన లైనర్ని కాల్చి, ఎమరీ పేపరుతో రుద్ది మళ్ళీ వేసేవాళ్ళున్నారు. వద్దు. లోపలికి ఇంకినది వేడెక్కినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటుంది. రెండు చక్రాలకీ కలిపి కొత్త లైనర్లు కొట్టించండి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

సిలిండరు, అసలు పని

సిలిండరుని బ్యాక్‌ప్లేటులో నిలిపేవి వెనకవైపు ఒకదానిలోకి ఒకటి దూరే పలుచని రేకులు. వీటిని తీసే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఎంత గుర్తుంటుందనుకున్నా మళ్ళీ పెట్టేటప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలియదు. ఇంకో మంచి అలవాటు, రెండువైపులా ఒకేసారి విప్పకపోవడం. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోవైపుది చూసి రాసుకునే నమూనాగా ఉంచాలి. షూ మీద లైనరు రెండు కొసల్లోనూ ఒకే దూరంలో మొదలవదు, కాబట్టి షూని తలకిందులుగా పెట్టినా కూర్చుంటుంది, పని మాత్రం సరిగ్గా చెయ్యదు. స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉన్నాయో కూడా ఫొటోలో ఉండాలి.

పిస్టను బయటికి తీసి సిలిండరు లోపలి గోడని వెలుతురులో చూడండి. గోరుతో గీస్తే ఎక్కడైనా గుంట తగిలిందా, దానికి కొత్త బకెట్టు వేసి లాభం లేదు. బకెట్టంటే పిస్టను ముందుండే రబ్బరు కప్పు. నున్నటి గోడ మీదే అది నిలుస్తుంది. మెత్తటి ఎమరీతో పైపై మెరుగు పెట్టొచ్చు గానీ గుంటలు పోయేదాకా రుద్దితే బోరు పెద్దదై రబ్బరు వదులవుతుంది. అప్పుడు రెండే దారులు: కొత్త సిలిండరు, లేదా లేత్ షాపులో ఇత్తడి స్లీవు వేయించడం. దొరక్కపోతే స్లీవే మేలని నా అభిప్రాయం. ఇత్తడికి తుప్పు పట్టదు.

పుదుపేటలో అడిగితే 'ఇదే సార్, దీనికీ అదే వస్తుంది' అని మరో బండి సిలిండరు చేతిలో పెడతారు. గాడిలో సరిగ్గా కూర్చోవచ్చు కూడా. కానీ బోరు కొలవకుండా డబ్బు ఇవ్వకండి. బలం వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. ఒక సిలిండరు బోరు 5/8 అంగుళం, ఇంకోటి 3/4 అంగుళం అనుకుందాం. చూడ్డానికి తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. షూ మీద పడే బలం మాత్రం 44 శాతం ఎక్కువ. 'వెనక బ్రేకు గట్టిగా ఉంటే మంచిదేగా' అనిపిస్తుంది, కాదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి తూగి వెనక చక్రాలు తేలికవుతాయి. అందుకే ఎక్కువ పని ముందు బ్రేకులకి పెట్టి, వెనక తక్కువ బలం వచ్చేలా కంపెనీ లెక్కగట్టి ఉంచింది. తడి రోడ్డు మీద ముందు చక్రాలకన్నా వెనకవి ముందే బిగుసుకుంటే బండి తోక తిప్పుతుంది. ఊగే ఇరుసున్న హెరాల్డ్‌తో ఆ ఆట అసలే ఆడకూడదు.

శుభ్రం చెయ్యడానికి మన మెకానిక్కులు వాడేది పెట్రోలు, లేకపోతే కిరోసిన్. డబ్బాలో భాగాలన్నీ వేసి బ్రష్షుతో రుద్దేస్తారు. ఇనుప భాగాల వరకు ఫరవాలేదు. సిలిండరు లోపలా రబ్బర్లకీ ఆ రెండూ విషం. బ్రేకు రబ్బర్లు నూనె జాతి తగిలితే ఉబ్బిపోతాయి. ఉబ్బిన బకెట్టు సిలిండరులో ఇరుక్కుంటుంది, పెడల్ వదిలినా షూ వెనక్కి రాదు. స్పిరిట్టుతోనో, కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో కడగాలి. కొత్త బకెట్టుకి పూయాల్సింది కూడా బ్రేక్ ఆయిలే, లేదా రబ్బరు కోసమే తయారైన ఎర్ర గ్రీజు. బేరింగు గ్రీజు పూస్తే చేసిన పనంతా బూడిదలో పోసినట్టే.

ఇప్పుడు గాడి. బ్యాక్‌ప్లేటు గాడి అంచుల్నీ, సిలిండరు మెడనీ తుప్పు లేకుండా గీకి, ఆకురాయితో నున్నగా చెయ్యండి. వేడిని తట్టుకునే గ్రీజు పలుచగా రాయండి. రేకులు పెట్టి సిలిండరుని తిరిగి కూర్చోబెట్టాక, షూలు పెట్టకముందే బొటనవేలితో తోసి చూడండి. అటూ ఇటూ హాయిగా జారాలి. స్క్రూడ్రైవరుతో ఎత్తి కదపాల్సి వస్తోందంటే మళ్ళీ విప్పండి. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తు పెట్టుకునేటట్టయితే ఇదే గుర్తు పెట్టుకోండి. కొత్త సిలిండరు, కొత్త లైనరు, కొత్త కేబుల్ వేసి కూడా ఈ ఒక్కటి చూడకుండా డ్రమ్ము మూసేసిన బళ్ళు బోలెడు.

అడ్జస్టరుని కూడా విప్పి, లోపలి కోను ఆకారపు పిన్నుని, రెండు గూటాల్ని కడిగి, గ్రీజు రాసి పెట్టండి. బ్యాక్‌ప్లేటు మీద షూ అంచులు ఒరుసుకునే చోట గ్రీజు చుక్క పెట్టాలి, చుక్కంటే చుక్కే. లైనరుకి మాత్రం గ్రీజు చేతులు తగలనివ్వకండి.

వెనక గొట్టాల్లో రబ్బరు హోసులు ఉంటాయి. పైకి నున్నగా కనిపించే హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. కాలి బలానికి ఆయిల్ వెళ్తుంది, స్ప్రింగు బలానికి తిరిగి రాదు. చక్రం బిగుసుకుపోయి డ్రమ్ము కాలిపోతుంటే సిలిండర్నే అనుమానించకండి, సిలిండరు వెనక గాలి తీసే నిప్పల్ వదులు చేసి చూడండి. అప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరిగితే దొంగ హోసే. ఎప్పుడు వేశారో తెలియని హోసుల్ని ఆలోచించకుండా మార్చెయ్యడం మంచిది.

ఆయిల్ గొడవ

మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకాల గుర్తు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ 3.7 శాతానికి చేరేసరికి ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకి తగులుతుంది. టీ నగర్ ట్రాఫిక్‌లో అంత వేడి రాదు. ఏలగిరి కొండ మీది 14 మలుపులు బ్రేకు మీద కాలుంచి దిగితే వస్తుంది. ఊళ్ళోనే తిరిగే బండికైనా అదే తేమ సిలిండర్లని లోపలినుంచి తినేస్తుంది. మీరు ఇందాక గోరుతో వెతికిన గుంటలు అలా పడినవే.

చెన్నై తేమలో రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్చడం ఖర్చు కింద లెక్క కాదు. చిన్న సీసా కొనండి, మిగిలింది దాచుకోకండి. షెల్ఫులో సగం వాడిన సీసా తేమ తాగుతూనే ఉంటుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పొయ్యండి, తుడిస్తే చాలదు, పెయింటు లేచిపోతుంది.

కొందరు డాట్ 5 పొయ్యమంటారు. అది సిలికాన్ రకం. పెయింటుని తినదు, తేమ పీల్చదు. ప్రదర్శనకే పెట్టే బళ్ళకి అది బాగానే ఉంటుంది. కానీ లోపలికి చేరిన నీళ్ళు దానిలో కలవకుండా అన్నిటికన్నా కింద ఉన్న చోటికి, అంటే సరిగ్గా వీల్ సిలిండర్లలోకి, దిగి కూర్చుంటాయి. పాత ఆయిల్‌తో అది కలవదు, గొట్టాల్లో చిక్కిన గాలి తియ్యడమూ కష్టం. నడిపే బండికి డాట్ 4 చాలని నా పక్షం. ఇంకో వల కూడా ఉంది: డాట్ 5.1 అని రాసి ఉంటే అది డాట్ 5కి తమ్ముడు కాదు, డాట్ 4 జాతిదే.

హెరాల్డ్‌లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకే మాస్టర్ సిలిండరు (పెడల్ నొక్కే సిలిండరు), ఒకే దారి. ఇప్పటి కార్లలో లాగా రెండు భాగాలుగా ఉండదు. వెనక ఎడమ చక్రంలో ఒక బకెట్టు తెగితే ముందు బ్రేకులతో సహా మొత్తం పోతాయి. 'వెనకదే కదా, కొంచెం కారుతోంది, వచ్చే నెల చూద్దాం' అనే మాట ఈ బండికి చెల్లదు. అప్పుడు చేతిలో మిగిలేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. మన స్టీరింగు కుడివైపు కాబట్టి వెనక ఎడమ ముందు. ఒకరు పెడల్ నిదానంగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిప్పల్ వదిలి బిగించాలి. పెడల్ పైకి రాకముందే నిప్పల్ బిగించాలన్నది ఒక్కటే సూత్రం. డ్రమ్ము లేకుండా మాత్రం పెడల్ ముట్టనివ్వకండి, పిస్టను ఊడి ఒళ్ళో పడుతుంది. పిల్లల చేత తొక్కిస్తుంటే ఈ మాట రెండుసార్లు చెప్పండి.

బిగింపుల వరస

ఇక్కడ వరస తప్పితే పైన చేసిందంతా వృథా. ముందు కేబుల్‌ని పూర్తిగా వదులు చెయ్యండి, చక్రాల దగ్గర చిన్న లివర్లు రెండూ తమ చోటికి చేరాయో లేదో చేత్తో చూడండి. తర్వాత అడ్జస్టరుని చక్రం తిరగనంత బిగించండి. పెడల్‌ని గట్టిగా తొక్కండి, షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి. చాలాసార్లు ఇప్పుడు చక్రం మళ్ళీ కొంచెం వదులవుతుంది, ఇంకొంచెం బిగించండి.

రెండు చక్రాలూ ఇలా బిగిసి ఉన్నప్పుడే పెడల్‌ని పరీక్షించాలి. ఇప్పుడు పెడల్ ఎత్తుగా, రాయిలా ఉంటే గాలి లేదు. ఇంతకుముందు పెడల్ లోతుకి వెళ్ళిందంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు వల్లే. ఇంకా మెత్తగా ఉంటే గాలి మిగిలి ఉంది. లోతుకీ మెత్తదనానికీ తేడా తెలియక, సందు సరిచెయ్యాల్సిన బండికి సీసాలకి సీసాలు ఆయిల్ పోసి గాలి తీస్తూ కూర్చుంటారు.

చక్రాలు అలా బిగిసి ఉండగానే కేబుల్ వదులు తీసెయ్యండి. వదులు మాత్రమే, లాగి కట్టడం కాదు. మధ్యలో రెండువైపులకీ బలం పంచే లివరు, దాని పిన్నులు తుప్పు లేకుండా తిరుగుతున్నాయా చూసి గ్రీజు పెట్టండి. ఆ తర్వాత అడ్జస్టరుని టిక్కుమనేలా ఒక మెట్టు వెనక్కి తిప్పండి. చక్రం తిరగాలి. ఎక్కడో సన్నగా ఒరుసుకున్న చప్పుడు వినిపిస్తే ఫరవాలేదు, చెయ్యి ఆగేంత పట్టుంటే ఇంకో మెట్టు. జాకీ మీద ఉండగానే ఎవరినైనా హ్యాండ్‌బ్రేకు ఒక్కో పన్ను చొప్పున లాగమని చెప్పి, రెండు చక్రాల్నీ చేత్తో తిప్పి చూడండి. రెండూ ఒకే పన్ను దగ్గర బిగుసుకోవాలి. ఒకటి ముందే బిగుసుకుంటే రెండో చక్రం దగ్గర ఇంకా ఏదో అతుక్కుని ఉందని అర్థం. ఆ తేడాని కేబుల్‌తో సర్దకండి, మళ్ళీ ఆ డ్రమ్మే విప్పండి.

మొదట మీ వీధిలోనే, నడక వేగంలో నాలుగైదుసార్లు ఆపి చూడండి. కొత్త లైనరు డ్రమ్ముకి పూర్తిగా ఒదగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పుడు పెడల్ కొంచెం కిందికి దిగుతుంది, అడ్జస్టరు ఇంకో మెట్టు బిగించాలి. కేబుల్ ముట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

2021 జులై నుంచి యాభై ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్ కింద రిజిస్టరు చేసుకునే వీలొచ్చింది. ఆ నంబరు తీసుకుంటే బండిని రోజువారీ పనులకి నడపకూడదు. అంటే హెరాల్డ్‌లు ఇక ముందు షెడ్డులోనే ఎక్కువ కాలం ఉంటాయి, గాడిలో సిలిండరు అతుక్కోవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. వారానికోసారి ఇంజను స్టార్టు చేసి వదిలేసేవాళ్ళు పనిలో పనిగా పెడల్ పదిసార్లు తొక్కి, హ్యాండ్‌బ్రేకు నాలుగుసార్లు లాగి వదలాలి. వానాకాలంలో మాత్రం హ్యాండ్‌బ్రేకు వేసి నిలపకండి, తడి లైనరు తుప్పు పట్టిన డ్రమ్ముకి అతుక్కుపోతుంది. గేరులో పెట్టి, చక్రాలకి చెక్క అడ్డం పెడితే చాలు.